గవ్వ కుట్టిన మూల

కోదాడ మెయిన్ రోడ్డు మీద అద్దాల షాపు పెట్టుకుని కూర్చున్న పెద్దమనుషులారా, ఆ ముసలమ్మ తుంటి విరగ్గొట్టింది మీరే. మెట్టు కాదు, ఆమె వయసు కాదు, తండావాళ్ళ చేతకానితనం అంతకన్నా కాదు. ఐదేళ్ళ గ్యారంటీ అని కార్డు మీద ముద్ర గుద్ది అమ్మిన చేతులు మీవి. నాలుగు నెలలకే పొడైపోయిన సరుకు మీది. అడగడానికి వచ్చిన మనిషిని దొంగలా నిలబెట్టిన నోరు మీది. జరిగింది ఇదీ. కాదనగలిగితే అనండి.

బుధవారం పొద్దున రుక్మిణి రేకుల షెడ్డు ముందు కార్పెట్ పరిచి చీపురు తిరగేసి కొడుతోంది. దెబ్బ దెబ్బకూ ఎర్రటి నూగు లేచి ముక్కులోకి, కళ్ళలోకి పోతోంది. ఫంక్షన్ నుంచి తిరిగొచ్చిన కార్పెట్‌ను దులిపితే అక్షింతలు రాలాలి, పూలరెక్కలు రాలాలి, పిల్లలు పారేసిన ఐస్‌క్రీం పుల్లలు రాలాలి. ఇప్పుడు కార్పెట్టే రాలుతోంది. తిరగేసి చూసింది. వెనకవైపు నల్లటి పూత, నీళ్ళు తాగిన గోడకు సున్నం ఊడినట్టు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. గోటితో గీకింది. బూడిదలాంటి పొడి గోటిలో ఇరుక్కుంది.

చీపురు పక్కన పెట్టి చేతులు చూసుకుంది. అరచేతులు ఎర్రగా ఉన్నాయి. నిన్న కూడా ఇంతే. ఆత్మకూర్‌లో జనార్దన్ ఇంట్లో కూతురి ఓణీల ఫంక్షన్. భూములూ పెట్రోలు బంకూ ఉన్న ఇల్లు కాబట్టి ఊరంతా వచ్చింది. చెప్పులు విడిచి స్టేజీ ఎక్కిన ప్రతివాళ్ళ అరికాళ్ళూ ఎర్రబడ్డాయి. పారాణి పెట్టుకున్నట్టు ఉందని ఆడవాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరికి చూపించుకుని నవ్వుకున్నారు. రుక్మిణి నవ్వలేదు. ఆమె స్టేజీ మెట్ల పక్కనే నిలబడి ఉంది, లేచిన మేకును సుత్తితో దింపుతూ. అప్పుడే జనార్దన్ తల్లి అనసూయమ్మ మనవరాలిని దీవించి దిగుతోంది. రెండో మెట్టు మీద కాలు ఆనించింది. మేకులు కదల్లేదు. కార్పెట్ మీది పొర మాత్రం కింది పొరను విడిచిపెట్టి, ఆమె కాలితో పాటు ముందుకు నడిచింది. ముసలమ్మ అరవలేదు. కూర్చున్నట్టుగా పడింది. అక్షింతల పళ్ళెం దొర్లుకుంటూ పోయి రుక్మిణి పాదాల దగ్గర ఆగింది.

జనార్దన్ తల్లిని కారెక్కించి వెనక్కి తిరిగాడు. నలుగురు వినేలా ఒకటే మాట అన్నాడు.

"తండోళ్ళ సామాను ఇంట్లకు తెచ్చినందుకు నాకే బుద్ధి లేదు."

సాయంత్రానికల్లా రెండు బుకింగులు ఫోన్లోనే పోయాయి. మిగిలినవి ఎప్పుడు పోతాయా అని రుక్మిణి భర్త కిషన్ ఫోను చేతిలో పట్టుకునే కూర్చున్నాడు. షామియానా పాతేదీ ఆయనే, కుర్చీలు మోసేదీ ఆమే. కూలి మనిషిని పెట్టుకునే స్తోమతు ఆ టెంట్ హౌస్‌కు ఎన్నడూ లేదు. ఊరు వద్దంటే ఆ ఇంట్లో చెయ్యడానికి ఇంకో పని లేదు.

అరుగు మీద కిషన్ తల్లి జమ్లీ, మెట్ల మీద వేసిన ముక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టెంట్ హౌస్‌ల వాళ్ళు సామాను కలిసిపోకుండా పెయింటుతో పేరు రాసుకుంటారు. ఈ ఇంట్లో ఆ పని జమ్లీది, పెయింటుతో కాదు. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు ఆమె చేతిలో పడాలి. అంచు మడిచి, పసుపుపచ్చ దారంతో కుట్టి, మూలమూలకూ ఒక గవ్వ కుట్టాకే అది ఇల్లు దాటాలి. ఈ ఆరు రోల్స్ వచ్చినప్పుడు తొమ్మిది రోజులు కుట్టింది. అంత మందంలో సూది దిగక రెండు వేళ్ళు పుండ్లయ్యాయి. ఇప్పుడు ఆ అంచును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని కుట్టు తర్వాత కుట్టు తడుముతోంది. తప్పు తన సూదిదేమోనని ఆమె భయం. అంతా తడిమాక తల ఎత్తింది.

"నా కుట్టు ఊడలే," అంది. "లోపల బట్ట సచ్చింది."

గురువారం రుక్మిణి మెట్ల ముక్కలోంచి జానెడు పేలిక చింపుకుంది. చింపడానికి కత్తెర అక్కర్లేకపోయింది. దాన్నీ, బిల్లునూ, గ్యారంటీ కార్డునూ సంచిలో పెట్టుకుని కోదాడ బస్సెక్కింది.

షాపు ఓనరు శశిధర్ మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు తెప్పించాడు. ఆయన వెనక ఎరుపు, నీలం, పచ్చ రోల్స్ పైకప్పు దాకా నిలబెట్టి ఉన్నాయి. ఆమె చెప్పింది అడ్డురాకుండా విన్నాడు. పేలికను మాత్రం ముట్టుకోలేదు. కార్డు తిప్పి, వెనక ఉన్న చీమకాళ్ళంత అక్షరాల మీద పెన్ను పెట్టాడు.

"చూడమ్మా, సరుకుని కోసినా కుట్టినా గ్యారంటీ ఉండదని రాసుంది. నువ్వు సూది దింపావు. చిల్లులు పడితే పూత నిలవదు కదా."

"కుట్టింది అంచుకు సార్. ఊడింది నడిమిట్ల."

ఆయన చిరునవ్వు చెక్కు చెదరలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆమె కొన్నది ఇంట్లో పరుచుకోవడానికి కాదట, వ్యాపారానికట. వినియోగదారుల కోర్టు ఇళ్ళల్లో వాడుకునే వాళ్ళకట, వ్యాపారస్తులకు ఆ తలుపు తెరవరట. వకీలును పెట్టుకుంటే ఉన్న షామియానా కూడా అమ్ముకోవాల్సి వస్తుందని జాలిపడ్డాడు. పడ్డ ముసలమ్మ ఎలా ఉందని మాత్రం అడగలేదు.

రుక్మిణి సంచి సర్దుకుంటుంటే, ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు. మూలలు కోసి కుట్టారా, మడిచి కుట్టారా? మడిచే కుట్టామని చెప్పింది. మూలకు గవ్వ కూడా ఉందని చెప్పింది. ఆయన చేతిలోని పెన్ను ఆగిపోయింది. మళ్ళీ అదే అడిగాడు, ఈసారి మెల్లగా. ఆరింటికీనా? ఆరింటికీ.

"అవి విప్పకండి," అన్నాడు. "మా మనిషిని పంపిస్తాను. చూసి, ఏదో ఒకటి చేద్దాం. కిషన్ నంబరు నా దగ్గరుందిలే."

కిషన్ పేరు ఆమె చెప్పలేదు. బస్సెక్కాక ఆ మాట గుర్తొచ్చి, సంచిని ఒళ్ళోకి లాక్కుంది. బిల్లు మీద పేరు ఉంటుంది కదా అని తనకు తనే సర్దిచెప్పుకుంది. కిటికీ పక్కన కూర్చుని, బస్సులో అతికించిన వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ కలిపింది. అవతల అమ్మాయి మూడు ప్రశ్నలు అడిగింది. కూలి మనుషులున్నారా? పని చేసేది మీరిద్దరేనా? బతుకుతెరువు అదొక్కటేనా? మూడింటికీ జవాబు విని, సొంత రెక్కల కష్టంతో బతకడానికి కొనుక్కున్న వస్తువైతే చట్టం మిమ్మల్ని వ్యాపారిగా చూడదు, వినియోగదారుగానే చూస్తుంది అని చెప్పింది. బిల్లు, కార్డు జాగ్రత్త అంది. ఫ్యాక్టరీ లేబుల్ ఫోటో ఉందా అని అడిగింది.

లేబుల్ అనేది ఒకటి ఉంటుందన్న సంగతే రుక్మిణికి తట్టలేదు. ఎక్కడుంటుందని అడిగింది. మామూలుగా రోల్ చివర, మూలలో వెనకవైపు ఉంటుందండీ అంది ఆ అమ్మాయి.

సూర్యాపేటలో దిగి ఆసుపత్రికి నడిచింది. అనసూయమ్మకు ముందురోజే ఆపరేషన్ అయింది. కోడలు గుమ్మంలోనే మొహం తిప్పుకుంది కానీ లోపలి నుంచి ముసలామే రానివ్వమంది. దుప్పటి కింద కాలు ఇసుక మూటల మధ్య కట్టేసినట్టు ఉంది. రుక్మిణి నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

"నా కాలు జారలేదే పిల్లా," అంది ముసలామె. "కాలి కింద తోలు ఊడినట్టు ఊడింది. మావోడు నేను పడ్డది సూసిండు. దేనిమీద పడ్డనో సూడలే."

ఇట్లాంటిది ఇంకెవరు కొన్నారని అడిగింది. రుక్మిణికి, రోల్స్ తీసుకున్న రోజు అదే షాపు ముందు పెంటయ్య ట్రాలీ ఆగి ఉండడం గుర్తొచ్చింది. మిర్యాలగూడ పెంటయ్య. పెళ్ళిళ్ళ రోజుల్లో కుర్చీలు తక్కువ పడితే వీళ్ళకు వందో రెండొందలో పంపే మనిషి.

శుక్రవారం మిర్యాలగూడలో దిగేసరికి రైసుమిల్లుల తవుడు గాలిలో తేలుతోంది. పెంటయ్య గోడౌన్‌లో ఏడు నీలం రోల్స్ వరసగా నిలబెట్టి ఉన్నాయి. రుక్మిణిని చూడగానే ఆయన మొహంలో సంతోషం పుట్టి, ఎందుకొచ్చిందో చెప్పగానే చచ్చిపోయింది. తాడు చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఎక్కడిదక్కడ ముడివేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాడు. ఆమె రోల్స్ దగ్గరికి పోయి ఒక్కోదాని అంచు పట్టుకుని చూసింది. ప్రతి రోల్‌కూ ఒక మూల లేదు. సూటిగా, చాకుతో కోసిన గుర్తు.

"గవేంది కాకా?"

పెంటయ్య తాడు కింద పెట్టాడు.

"నావి ఎర్రయి ఉండె బిడ్డా. రెండు నెలలకే నూగు లేసింది. పోయి లొల్లి పెట్టిన. మూలలన్ని కోసి సంచిల ఏసుకపోయిండ్రు, గీ నీలంవి ఇచ్చిండ్రు. ఇస్తూనే వీటియి సుత కోసుకున్నరు. ఎవ్వలికి చెప్పనని సంతకం పెట్టిన."

రుక్మిణి నీలం రోల్ వెనక గోటితో గీకింది. అదే బూడిద. ఆమె ఆ వేలును పెంటయ్య కళ్ళ ముందు పెట్టింది. ఆయన చూడలేదు. చూడకపోవడంలోనే ఆయనకు ముందే తెలుసని తెలిసిపోయింది.

"నేను మెట్ల మీద ఎయ్య," అన్నాడు, ఎవరో కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు. "కుర్సీల కిందనే ఏస్త. ఎవ్వలు పడరు."

తిరుగు బస్సు వేములపల్లి దాటుతుండగా ఫోను మోగింది. కొత్త నంబరు. శశిధర్ గొంతు, అదే మర్యాద.

"మిర్యాలగూడలో ఎండలెట్లా ఉన్నాయమ్మా?"

పెంటయ్య తాడు వదిలి ఫోను పట్టుకోవడానికి ఎంతసేపు పట్టి ఉంటుందో ఆమె లెక్కవేసుకుంది. శశిధర్ ఇంకెక్కువ మాట్లాడలేదు. ఊరూరూ తిరిగి అలిసిపోవద్దన్నాడు. ఇంటి దగ్గర పని సాఫీగా అయిపోయిందని, ఆదివారం కల్లా కొత్త సరుకు వస్తుందని చెప్పి పెట్టేశాడు.

ఏం పని అయిపోయిందో తండా మలుపు తిరగ్గానే కనబడింది. షెడ్డు ముందు ఐదు రోల్స్ విప్పి పడేసి ఉన్నాయి. ఐదింటికీ ఒక్కో మూల లేదు. కోసిన చోట జమ్లీ పసుపు దారం పేగుల్లా వేలాడుతోంది. దుమ్ములో గవ్వలు పడి ఉన్నాయి. రుక్మిణి వంగి ఏరింది. ఐదు. ఒకటి బూటు కింద పడి పగిలింది.

కిషన్ షెడ్డు గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. తనే రోల్స్ విప్పి చూపించానని దాచకుండా చెప్పాడు. కొత్తవి ఇస్తామన్నారు, జనార్దన్‌తో మాట్లాడతామన్నారు, పాతవాటి మూలలు పోతే మనకేం పోయిందనుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ పిలవాలంటే కొత్త కార్పెట్ కావాలి కదా అన్నాడు. అందులో అబద్ధం లేదు. అందుకే రుక్మిణికి తిట్టడానికి మాట దొరకలేదు.

"గా మూలల్ల ఏమున్నదో చూసినవా?" అని మాత్రం అడిగింది.

"మడత విప్పనియ్యలే వాడు. గట్లనే కోసిండు."

ఆరోది, మెట్ల మీద వేసేది, ఎక్కడ అని ఆమె అడగలేదు. అరుగు వైపు చూసింది. జమ్లీ మెట్ల ముక్కను పరుచుకుని దాని నడిమధ్య కూర్చుని ఉంది, కాళ్ళు మడుచుకుని, రెండు చేతులూ నేల మీద ఆనించి. పొద్దున్నుంచీ లేవలేదని కిషన్ చెప్పాడు. వచ్చినవాడు చాకుతో దగ్గరికి వస్తే, నేను కుట్టింది నేనే విప్పుత, పరాయి చెయ్యి పెట్టనియ్య అందట. వాడు నవ్వి, బతిమాలి, చివరికి రేపు మళ్ళీ వస్తానని వేలు చూపించి పోయాడట. రేపు ఒక్కడే రాడని కూడా చెప్పాడట.

"విప్పు యాడీ," అంది రుక్మిణి అత్తతో.

జమ్లీ లేచి మూలను ఒళ్ళోకి తీసుకుంది. కత్తెర ఇవ్వబోతే వద్దంది. ముందు గవ్వ ఊడదీసి కొంగున కట్టుకుంది. తర్వాత సూది మొనతో ముడి లేపి, దారాన్ని తెంపకుండా కుట్టు కుట్టుగా లాగుతూ, లాగింది లాగినట్టు వేలికి చుట్టుకుంది. పొద్దు వాలుతోంది. కిషన్ కూడా గుంజ విడిచి వచ్చి నిలబడ్డాడు. మడత తెరుచుకుంది. లోపల ఎండ తగలని కార్పెట్ నిగనిగలాడే ఎరుపులో ఉంది, కొన్న రోజున ఉన్నట్టే. వెనకవైపు షాపు స్టిక్కరు, ఐదేళ్ళ గ్యారంటీ అని బంగారు రంగు అక్షరాలు. కడిగిన నీళ్ళకు దాని గమ్ము నానిపోయింది. జమ్లీ గోరు తగలగానే ఒక చివర లేచింది. దాని కింద నల్లటి అచ్చు ఉంది.

రుక్మిణి స్టిక్కరును మొత్తం లాగేసింది. ఫ్యాక్టరీవాళ్ళు కార్పెట్ వీపు మీదే కొట్టిన ముద్ర. ఇంగ్లీషులో ఉంది. ఇంటర్ దాకా చదివిన చదువును కూడగట్టుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పైకి చదివింది.

"ఎగ్జిబిషన్ గ్రేడ్. సింగిల్ యూజ్. నాట్ ఫర్ స్టెయిర్స్."

జమ్లీకి అర్థం కాలేదు. రుక్మిణి తండా మాటల్లో చెప్పింది. ఒక్కసారి పరిచి పారేసేది. మెట్ల మీద వేయకూడనిది.

జమ్లీ వేలికి చుట్టిన దారం అలాగే ఉంది. కిషన్ దుమ్ములో పడి ఉన్న ఐదు రోల్స్ వైపు ఒకసారి చూసి, మెట్ల ముక్కను షెడ్డులోకి చేర్చి గడియ వేసి, దానికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాడు.

శనివారం రుక్మిణి ఆ ముద్ర ఉన్న మూలను ఫోటో తీసి, కోసి, స్టిక్కరుతో సహా సంచిలో పెట్టుకుని తొలి బస్సుకే బయల్దేరింది. ముందు సూర్యాపేటలో దిగింది. అనసూయమ్మ కళ్ళజోడు పెట్టించుకుని ఆ మూలను రెండువైపులా చూసింది. చదవడం రాకపోయినా, స్టిక్కరును దాని చోట పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసి సంగతి పట్టుకుంది. కొడుకు జనార్దన్ ఆమె కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన చెయ్యి చాచాడు. ముసలామె ఇవ్వలేదు. దిండు ఎత్తమని, మూలను దాని కింద పెట్టించుకుంది. కేసు వేస్తే తన పేరు కూడా రాయమని రుక్మిణికి చెప్పింది. జనార్దన్ కిటికీ దగ్గరికి పోయాడు. తండా మాట ఎత్తలేదు. తప్పయిందనీ అనలేదు.

కోదాడ షాపులో శశిధర్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన వెనక రోల్స్ తగ్గాయి. మొన్న పైకప్పుకు తగిలిన వరస ఇవాళ ఆయన భుజం దాకానే ఉంది. రెండు రోజుల్లో అన్ని పోయాయి. ఎవరెవరి ఇళ్ళకో, ఏ మెట్ల మీదికో. రుక్మిణి తన ఫోన్లో ఆ ముద్ర ఫోటో తెరిచి బల్ల మీద పెట్టింది. ఆయన వేళ్ళతో దాన్ని పెద్దది చేసి చూశాడు. మంచినీళ్ళు తెప్పించలేదు.

"అసలు ముక్క ఎక్కడుంది?"

"పడ్డామె దిండు కింద."

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. మంచి సరుకు, అసలైన ఐదేళ్ళది, పన్నెండు రోల్స్ పంపిస్తానన్నాడు. జనార్దన్ ఇంటికి తనే వెళ్ళి, తప్పు టెంట్ హౌస్‌ది కాదని చెబుతానన్నాడు. ఊళ్ళో పోయిన పేరు సాయంత్రానికల్లా తిరిగొస్తుంది. ఆ మూల ఒక్కటి తెచ్చిస్తే చాలు. రుక్మిణి వింది. మూడు రోజులుగా ఆమె తిరిగింది ఇందుకే. ఇదే మాట గురువారం అని ఉంటే దండం పెట్టి వెళ్ళిపోయేది. పెంటయ్య తాడు చుట్టుకుంటూ కూర్చున్న తీరు కళ్ళ ముందు కదిలింది.

అద్దాల బయట ట్రాలీ ఆటోలో ఎర్ర రోల్ ఒకటి ఎక్కించి తాడు బిగిస్తున్నారు. కొత్తది. మూల కోసేసి ఉంది. డ్రైవరు తలుపు తోసి లోపలికి తొంగిచూసి, స్కూలు వార్షికోత్సవం సాయంత్రమే కదా, స్టేజీకీ మెట్లకూ ఇదొక్కటే సరిపోతుందా అని అడిగాడు. శశిధర్ చేత్తోనే పొమ్మని సైగ చేశాడు. డ్రైవరు వెళ్ళి బండి ఎక్కాడు.

"చెప్పమ్మా," అన్నాడు శశిధర్. "నీకేం కావాలో చెప్పు."

రుక్మిణి బల్ల మీది ఆర్డర్ల పుస్తకాన్ని ఆయన వైపు తిప్పింది. దాని మీద ఆయన ఫోను పెట్టింది. ఆమె వేళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు.

"నా సంగతి కోర్టుల అడుగుత. నువ్వు అమ్మిన ప్రతొక్కల పేరు గీ పుస్తకంల ఉన్నది. మొదటి పేజీ నుంచి ఒక్కొక్కలకు ఫోన్ కొట్టు. మెట్ల మీదికెల్లి తీసెయ్యమని చెప్పు, నా ముందట చెప్పు. పెంటయ్య కాకకు సుత చెప్పు."

బయట ఆటో స్టార్టయింది.

"ముందుగాల లేసి గా బండిని ఆపు."